ఇరవై రెండు రూపాయలకి ఐదు దారులు

ఆ రోజు మా ఊరి పోస్టాఫీసులో ఉన్న స్టాంపులన్నీ కలిపినా ఇరవై ఆరు రూపాయలే. లెక్కపెట్టింది నేనే కాబట్టి ఇప్పటికీ గుర్తుంది.

రెండువేల ఒకటో సంవత్సరం, ఆగస్టు పద్నాలుగు. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి నేనూ సూరమ్మత్తా ఒకే గొడుగు కింద తడుస్తూ పోస్టాఫీసుకి వెళ్ళాం. పోస్టాఫీసంటే వేరే కట్టడమేమీ లేదు. పోస్టుమాస్టారు శివరామకృష్ణ గారి ఇంటి వరండాలో ఒక బల్ల, ఒక చెక్కపెట్టె, గోడకి ఎర్రడబ్బా, బల్ల మీద చిన్న ఇత్తడి త్రాసు. అంతే.

సూరమ్మత్త చేతిలో పాలిథిన్ సంచీ, అందులో ఒక కవరు. ఆ కవరు కోసం ఆవిడ పదిహేను రోజులుగా నిద్రపోలేదు. నన్నూ పోనివ్వలేదు.

ఆవిడ మా పక్కింట్లో ఉంటుంది. నలభై ఏళ్ళుగా లేసు అల్లుతోంది. పదో తరగతి అయ్యాక నాకు కొక్కెం సూది పట్టుకోవడం నేర్పింది ఆవిడే. మా పేటలో ఆడవాళ్ళందరికీ అదే పని. ఏజెంటు బుల్లిరాజు గారు దారం తూచి ఇస్తారు. శనివారం వచ్చి అల్లిన లేసు తూచి పట్టుకెళతారు. దారం తూకం కంటే లేసు తూకం తగ్గితే, దారం మిగుల్చుకున్నారని కూలి కోస్తారు.

వానాకాలంలో కాలవగట్టు మీద పాకే పీతల్ని చూసి సూరమ్మత్త సొంతంగా ఒక అంచు కట్టింది. గుండ్రటి ముక్క చుట్టూ పీతకాళ్ళు వరసగా వంగి ఉంటాయి. బుల్లిరాజు గారు అది చూసి ముచ్చటపడి ఒక ముక్క నరసాపురం తీసుకెళ్ళారు. ఏడాది తిరిగేసరికి అక్కడ దాని పేరు ‘బుల్లిరాజు గారి డిజైను’ అయింది.

హైదరాబాదులో చేతిపనుల పోటీ పెడుతున్నారని పేపర్లో చూసి ఆవిడకి చెప్పింది నేనే. సొంత డిజైను అయి ఉండాలి. ముక్క, ఫారం ఒకే కవరులో రిజిస్టరు పోస్టులో పంపాలి. ఆగస్టు పద్నాలుగు దాటకుండా తపాలా ముద్ర పడాలి.

“బహుమతి రాకపోతే మానె. ఒక్కసారి ఆ పీతల పక్కన నా పేరు ఉండాలే సారికా,” అంది.

మూడుసార్లు అల్లి మూడుసార్లు విప్పింది. నాలుగోది పదమూడో తారీకు రాత్రికి పూర్తయింది. తెల్లారి కవరులో పెట్టి జిగురు అంటించి, మధ్యాహ్నం మా చర్చి సంఘం అయ్యగారి చేత దాని మీద చెయ్యి వేయించి ప్రార్థన చేయించింది. అయ్యగారు పావుగంట ప్రార్థించారు. ఆ పావుగంటలో ఒంటిగంట బస్సు వెళ్ళిపోయింది. మళ్ళీ బస్సు ఐదింటికి. అప్పటికి నరసాపురంలో కౌంటరు మూసేస్తారు. మర్నాడు జెండా పండగ, సెలవు. ఇక మాకు మిగిలింది శివరామకృష్ణ గారే.

ఆయన కవరు అటూ ఇటూ తిప్పి చూశారు.

“కవరుకి ఐదు, రిజిస్టరుకి పదిహేడు. ఇరవై రెండు తియ్యి సూరమ్మా.”

“ఆయ్, అలాగేనండి.” సూరమ్మత్త కొంగుముడి విప్పింది.

ఆయన పెట్టె తెరిచారు. మొన్న ఏవో పోలీసు ఉద్యోగాలు పడ్డాయని ఊళ్ళో కుర్రాళ్ళు నలభై మంది దరఖాస్తులు పెట్టారు. పెట్టె ఊడ్చుకుపోయింది. కొత్త స్టాక్ రేపోమాపో వస్తుందట. అడుగున మిగిలినవి బల్ల మీద పరిచారు. నాలుగు రూపాయలవి మూడు. మూడు రూపాయలవి మూడు. రూపాయివి మూడు. అర్ధరూపాయివి నాలుగు.

“ఈ అర్ధరూపాయివి రెండేళ్ళ నించీ నా పెట్టెలో కాపురం ఉన్నాయి. ఇవాళ వీటిని ముందు సాగనంపాలి,” అంటూ ఆయన నాలుగూ తీసి కవరు మీద పేర్చారు. తర్వాత రూపాయివి మూడూ, మూడు రూపాయలవి మూడూ, నాలుగు రూపాయలవి రెండూ పెట్టారు. “ఇరవై రెండు. చూశావా, ఎంత ముద్దుగా కుదిరిందో.”

కవరు, దాని మీద పన్నెండు స్టాంపులు, త్రాసులో ఒకవైపు. ఇరవై గ్రాముల బిళ్ళ రెండోవైపు. కవరు పళ్ళెం టప్పున బల్లకి తగిలింది.

“ఇరవై దాటింది. దాటితే ఇంకో ఐదు. ఇరవై ఏడు అవుతుంది.”

సూరమ్మత్త ముఖం చిన్నబోయింది. ఐదు రూపాయలంటే ఒకపూట అల్లిక. అయినా మళ్ళీ కొంగు విప్పింది. “తీసుకోండి బాబూ, ఏం చేస్తాం.”

పోస్టుమాస్టారు డబ్బు తీసుకోలేదు. స్టాంపుల మీద వేలు ఆడిస్తూ ఒకసారి లెక్కపెట్టారు. రెండోసారీ లెక్కపెట్టారు. నేను అప్పటికే లెక్కపెట్టేశాను.

“ఇరవై ఆరే ఉన్నాయి,” అన్నారాయన.

అరుగు మీద బీడీ ఆర్పి చెవిన పెట్టుకుంటున్న చిట్టియ్యకి ఈ మాట పండగలా వినిపించింది. మూడింటికి తపాలా సంచీ సైకిలు మీద వేసుకుని మెయిన్ రోడ్డుకి తీసుకెళ్ళేది అతనే.

“అంటే మాస్టారూ, పోస్టాఫీసు మొత్తం ఎత్తి ఆ కవరుకి అంటించినా ఇంకా రూపాయి తక్కువన్నమాట!”

“నువ్వు నోరు ముయ్యరా.”

“కవరొక్కదాన్నీ పెట్టి చూడండి,” అన్నాను. నా గొంతు చిన్నది. ఎవరికీ వినపడలేదు. చిట్టియ్యకి ఒక్కడికే వినపడినట్టుంది. “కవరొక్కదాన్నీ పెట్టి చూడండి మాస్టారూ,” అని అరిచాడు.

పెట్టారు. కవరు పైకి లేచింది.

“ఇదేంటండీ!” సూరమ్మత్త నడుం మీద చెయ్యి వేసుకుంది. “నా కవరు తేలిగ్గానే ఉంది. బరువంతా మీ స్టాంపులది. మీ సరుకు బరువుకి నా దగ్గర డబ్బులేంటండీ?”

“అంటించాక అది నీ సరుకే. స్టాంపులతో కలిపి తూచాలి. రూలు.”

“ఎవరు రాశారండీ ఆ రూలు?”

“నేనైతే కాదు.”

“కవరు విప్పి కాస్త ఏదైనా తీసెయ్యండి,” అన్నాడు చిట్టియ్య.

“ఏం తీస్తావు? ఫారమా, లేసా? అసలు అయ్యగారు ప్రార్థన చేశాక విప్పుతారా ఎవరైనా?” సూరమ్మత్త కవరుని రెండు చేతులతో కప్పేసింది.

వాళ్ళు ముగ్గురూ అలా తగవులాడుకుంటుంటే నేను బల్ల చివర ఒక చెడిపోయిన మనియార్డరు ఫారం వెనక్కి తిప్పి పెన్సిలు తీసుకున్నాను. బరువు తగ్గాలంటే స్టాంపులు తగ్గాలి. మరి ఇరవై రెండు తక్కువ స్టాంపులతో వస్తుందా?

పెద్దవి, అంటే నాలుగులూ మూడులూ అన్నీ పెట్టినా ఇరవై ఒకటే. కాబట్టి చిల్లర స్టాంపులు కొన్ని తప్పవు. చిల్లరంతా కలిపి ఐదు రూపాయలు. చిల్లరతో రూపాయి వేస్తే పెద్దవాటితో ఇరవై ఒకటి రావాలి, వస్తుంది. రెండు వేస్తే ఇరవై రావాలి. ఉన్న మూడు నాలుగులతో, మూడు మూడులతో ఎలా తిప్పినా ఇరవై రాదు. మూడు వేస్తే పంతొమ్మిది కావాలి, అదీ రాదు. నాలుగు వేస్తే పద్దెనిమిది వస్తుంది. ఐదు వేస్తే పదిహేడు వస్తుంది, అది మాస్టారు పేర్చిందే. రూపాయినీ నాలుగునీ మళ్ళీ రెండేసి రకాలుగా వెయ్యచ్చు, అర్ధరూపాయలు ఎక్కువ పెట్టి ఒకటి, తక్కువ పెట్టి ఒకటి.

“ఐదు దారులున్నాయండి,” అన్నాను.

ఎవరూ తిరగలేదు. ఫారం తీసుకెళ్ళి పోస్టుమాస్టారి ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని చదివారు. తల ఎత్తి చిట్టియ్యతో గంభీరంగా అన్నారు.

“ఐదు దారులున్నాయిరా. పన్నెండు స్టాంపులతో ఒకటి, పదకొండుతో, పదితో, ఎనిమిదితో, ఏడుతో. తొమ్మిదితో మాత్రం కుదరదు.”

“మీకెంత బుర్రండీ మాస్టారూ!” అన్నాడు చిట్టియ్య.

ఆయన కాదనలేదు. సూరమ్మత్త నా వంక చూసింది. నేను పెన్సిలు వంక చూశాను.

స్టాంపులు అంటించకుండా కవరు మీద ఊరికే పేర్చి తూచడం మొదలుపెట్టారు. పదకొండు. పళ్ళెం టప్పుమంది. పది. టప్పు. ఎనిమిది, కొంచెం నెమ్మదిగా టప్పు. ఇక ఏడు. నాలుగులు మూడు, మూడులు మూడు, రూపాయి ఒకటి. ఈసారి పళ్ళెం కాసేపు ఆలోచించుకుంది. తర్వాత దిగింది.

“ఆ రూపాయి తీసి చూద్దాం,” అన్నారు. తీశారు. త్రాసు ముల్లు నిటారుగా నిలబడింది. ఆరు స్టాంపులు, ఇరవై ఒక్క రూపాయి. ఒక్క రూపాయి తక్కువ.

“స్టాంపుకి చుట్టూ పళ్ళుంటాయి కదండీ, అవి కత్తిరిస్తే?” అన్నాడు చిట్టియ్య.

“స్టాంపు కత్తిరిస్తే నన్ను కత్తిరిస్తారు.”

సూరమ్మత్త కాస్త దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. “మాస్టారండీ, ఆ బిళ్ళ పెట్టిన పళ్ళెం కింద చిటికెడు చింతపండు అంటిస్తే?”

“సూరమ్మా! ఇది గవర్నమెంటు త్రాసు!”

“మా బుల్లిరాజు గారు అంటిస్తారండి. శనివారం శనివారం.”

లోపల గుమ్మం దగ్గర పోస్టుమాస్టారి భార్య రత్నమాణిక్యం గారు చాప మీద దుప్పటి పరుచుకుని ఇస్త్రీ చేస్తున్నారు. కరెంటు పొద్దున్నే పోయింది. కొబ్బరిచిప్పల బొగ్గులు వేసిన పాత ఇస్త్రీపెట్టె. మర్నాడు జెండా ఎగరెయ్యడానికి మాస్టారు వేసుకునే తెల్లచొక్కా. ఆవిడ చెయ్యి ఆపి తల బయటికి పెట్టారు.

“బుల్లిరాజు అంత పని చేస్తాడా? మరి మీరెలా ఊరుకుంటారే సూరమ్మా?”

సూరమ్మత్తకి ఇలాంటి ప్రశ్న వేస్తే చాలు. కవరు సంగతి మర్చిపోయింది.

“మేం మాత్రం తక్కువ తిన్నామాండి? దారం, కాగితం తడి తాగుతాయి కదండీ. శుక్రవారం రాత్రి లేసు ముక్కలన్నీ నీళ్ళకుండ పక్కన పెట్టి పడుకుంటాం. చెయ్యి పెడితే తడి తెలీదు, తూస్తే మాత్రం బాగా తూగుద్ది. నలభై ఏళ్ళ నించీ ఒక్క శుక్రవారం మానలేదండి. అల్లడం అవ్వగానే నా చెయ్యి దానంతటదే కుండ వైపు...”

అక్కడ ఆగిపోయింది. నోరు తెరిచే ఉంది.

“అత్తా,” అన్నాను. “నిన్న రాత్రి దీన్ని ఎక్కడ పెట్టావు?”

“నిన్న శుక్రవారం కాదు కదే.”

“ఎక్కడ పెట్టావు?”

“నిద్రమత్తులో ఉన్నానే.”

“కుండ పక్కనేనా?”

“పక్కన కాదులే.” సూరమ్మత్త కవరుని ఒళ్ళోకి లాక్కుంది. “మూత మీద.”

చిట్టియ్య అరుగు మీద నుంచి కిందికి జారి వానలో నిలబడి నవ్వాడు. పోస్టుమాస్టారికి మాత్రం అర్థం కాలేదు. ఆయనకి నేను రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. బరువు స్టాంపులది కాదు, లేసు తాగిన నీళ్ళది. ఆ నీళ్ళు పోతే ఏడు స్టాంపులు పెట్టినా ఇరవై దాటదు.

రత్నమాణిక్యం గారికి ఒక్కసారి చెప్తే చాలింది. “ఇలా తే.”

“ఏయ్, నా చొక్కా!” అన్నారు మాస్టారు. “రేపు జెండా దగ్గరికి ముడతల చొక్కాతో వెళ్ళమంటావా?”

“జెండా మీ చొక్కా చూసి ఎగరదు లెండి.”

చొక్కా పక్కకి వెళ్ళింది. కవరు దుప్పటి మీదికి వచ్చింది. దాని మీద పాత పంచె ముక్క మడతేసి, జిగురు అంటించిన చోట తగలకుండా ఆవిడ ఇస్త్రీపెట్టె నెమ్మదిగా నడిపారు. ఒకవైపు కాసేపు, తిప్పి రెండోవైపు కాసేపు. సూరమ్మత్త పక్కన కూచుని “మాడ్చకండమ్మా, పీతలు మాడిపోతాయి,” అంటూ ఇస్త్రీపెట్టెతో పాటు తలని అటూ ఇటూ తిప్పుతోంది. పంచె ముక్క ఎత్తినప్పుడల్లా గోరువెచ్చటి వాన వాసన వచ్చింది.

“రెండు నలభై,” అన్నాడు చిట్టియ్య. “నేను మూడింటికి సైకిలెక్కుతాను. తర్వాత నన్నేమీ అనకండి.”

కవరు వేడివేడిగా త్రాసులోకి వచ్చింది. దాని మీద ఏడు స్టాంపులు. కవరు పళ్ళెం నిక్షేపంగా పైకి లేచింది.

సూరమ్మత్త “స్తోత్రం!” అని గట్టిగా అంది.

అప్పుడు పోస్టుమాస్టారు చేసిన పని నేను ఇప్పటికీ మర్చిపోలేను. ఆయన కళ్ళు పక్కనున్న అర్ధరూపాయి స్టాంపుల మీద పడ్డాయి.

“చాలా తేలికైందే,” అని, ఏడింటిలోంచి నాలుగు రూపాయలది ఒకటి తీసి పెట్టెలో వేశారు. దానికి బదులు మిగిలిన రూపాయివి రెండూ, అర్ధరూపాయివి నాలుగూ పేర్చారు. మళ్ళీ పన్నెండు. పళ్ళెం కదల్లేదు.

“చూశారా! మొదట నేను చెప్పిన దారే రైటు. పన్నెండూ ఆగాయి.” తడి స్పాంజి దగ్గరికి జరుపుకున్నారు. “వీటిని ఇవాళ పంపెయ్యకపోతే ఇక నా రిటైర్మెంటు దాకా నాతోనే.”

“మీరు వాటిని పెంచి పెద్ద చేశారు కదండీ, బెంగగా ఉండదూ?” అన్నాడు చిట్టియ్య.

ఆయన ఏదో సమాధానం చెప్పడం మొదలుపెట్టారు. బయట వాన జోరందుకుంది. జల్లు వరండాలోకి కొడుతోంది. నాకు మాటలు చెప్పడం కంటే చూడడం అలవాటు, అందుకే త్రాసు ముల్లు వంకే చూస్తున్నాను. అది వెంట్రుకవాసి పక్కకి జరిగింది. ఇంకో వెంట్రుకవాసి. ఎండిన దారం గాలిలో తడిని మళ్ళీ తాగుతోంది.

“మాస్టారండీ, దిగుతోందండి,” అన్నాను.

ఆయన చిట్టియ్యతో మాట్లాడుతూనే ఉన్నారు.

“దిగుతోందండి.”

“మాస్టారూ!” సూరమ్మత్త అరుపుకి త్రాసే ఉలిక్కిపడినట్టు ఊగింది. “మా పిల్ల దిగుతోందంటోంది, వినండి!”

అందరం చూశాం. పన్నెండు స్టాంపుల పళ్ళెం, ఎవరో పైనుంచి వేలితో నొక్కుతున్నట్టు, మా కళ్ళ ముందే దిగి బల్లకి ఆనింది.

“తియ్యండి తియ్యండి!” అన్నారు రత్నమాణిక్యం గారు. ఇప్పుడు మాస్టారు రూల్సు మాట్లాడలేదు. అర్ధరూపాయలు ఎగిరి పెట్టెలో పడ్డాయి. నాలుగు రూపాయలది తిరిగి వచ్చింది. స్పాంజి మీద ఎక్కువ అద్దకండి అని సూరమ్మత్త, వంకరగా అంటిస్తున్నారు అని చిట్టియ్య, మీరిద్దరూ నోరు ముయ్యండి అని మాస్టారు. ఏడూ అంటించి చివరిసారి తూచారు. పళ్ళెం ఊగి ఊగి, ముల్లు సరిగ్గా మధ్యలో ఆగింది. అది మనసు మార్చుకునే లోపల ఆయన కవరు లాగేసి తేదీ ముద్ర తీసుకుని ఏడు స్టాంపుల మీదా ధన్ ధన్‌మని గుద్దేశారు.

రసీదు రాసి ఇచ్చారు. కవరు సంచీలోకి, సంచీ సైకిలు మీదికి వెళ్ళాయి. చిట్టియ్య నెత్తిన ఎరువు బస్తా మడత గొడుగులా వేసుకుని వానలోకి దూకాడు.

“హమ్మయ్య,” అన్నారు పోస్టుమాస్టారు వెనక్కి వాలుతూ. “ఐదు దారులున్నాయని నేను కనిపెట్టబట్టి గానీ లేకపోతే...”

“ఎవరు కనిపెట్టారండీ?” అంది సూరమ్మత్త.

ఆయన గొంతు సవరించుకున్నారు. మనియార్డరు ఫారం ఇంకా బల్ల మీదే ఉంది, నా దస్తూరీతో.

“అదే... మన సారిక.”

“ఆ. అలా అనండి. ఎవరి పీతలు వాళ్ళవి.”

ఇంటికి వస్తుంటే గొడుగు కింద ఆవిడ రసీదు రెండుసార్లు చదివించుకుంది. పంపినవారు సూరమ్మ. బరువు ఇరవై గ్రాములు.

“నలభై ఏళ్ళ నించీ తూకం పెంచడానికే తిప్పలు పడ్డానే,” అంది. “తగ్గించడానికి ఇంత తిప్పలు పడింది ఇదే.”

ఆ శనివారం బుల్లిరాజు గారు వచ్చారు. మా పేట ఆడవాళ్ళమంతా సూరమ్మత్త అరుగు మీద కూచున్నాం. ఆయన త్రాసు వేలాడదీస్తూ, “నరసాపురం పార్టీ వాళ్ళు నా పీతకాళ్ళ డిజైను ఇంకో నలభై ముక్కలు అడుగుతున్నారు సూరమ్మా,” అన్నారు.

సూరమ్మత్త లోపలికి వెళ్ళి బైబిల్లోంచి రసీదు తీసుకొచ్చి ఆయన చేతిలో పెట్టింది. నేను రాసి దాచిన ఫారం నకలు కూడా ఇచ్చాను. డిజైను పేరు పీతకాళ్ళు, కట్టినది సూరమ్మ అని అందులో ఉంది. ఆయన నిలబడి చదివారు. తర్వాత కూచుని చదివారు.

“పోటీలో ఏమీ రాదులే,” అన్నారు చివరికి.

“రాకపోనివ్వండి. పేరైతే వెళ్ళిందిగా. ఇక్కడ కూడా ఇక నుంచి నా పేరే చెప్పండి. ముక్కకి రెండు రూపాయలు పెంచండి.”

“రెండా!”

“లేకపోతే ఆ నలభై మీరే అల్లుకోండి, ఆయ్.”

అందరం తలలు వంచుకుని అల్లికలు చూసుకున్నాం. నవ్వు ఆపుకోవడానికి అంతకంటే మంచి పని లేదు. ఆయన చాలాసేపు గొణిగి రూపాయిన్నరకి ఒప్పుకున్నారు. ఆ కోపంలోనే సూరమ్మత్త అల్లిన వారం పని తీసి త్రాసులో పడేశారు. దారం తూకానికి సరిగ్గా సరిపోయింది. పైగా కాస్త మొగ్గింది కూడా.

బుల్లిరాజు గారికి అనుమానం వచ్చింది. ఒక ముక్క తీసి చెంపకి ఆనించుకున్నారు.

“చల్లగా ఉందేంటి సూరమ్మా?”

“వానాకాలం కదండీ,” అంది సూరమ్మత్త.